దేనికంటె ఎక్కువ?

రెన్ అండ్ మార్టిన్ గ్రామరు మనలో ఎంతమంది చేతుల్లో నలిగిందో లెక్కలేదు. టాల్, టాలర్, టాలెస్ట్. పొట్టి మాట అయితే తోక తగిలించాలి. పొడుగు మాట అయితే ముందు మోర్, మోస్ట్ పెట్టాలి. హ్యాపీ తన 'వై' పోగొట్టుకుని హ్యాపియర్ అవుతుంది. గుడ్, బ్యాడ్ మాత్రం దేనికీ లొంగక బెటర్, వర్స్ అని వేషమే మార్చేస్తాయి. 'మోర్ బెటర్' అన్నామా, మాస్టారి బెత్తం సిద్ధం. (షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్'లో ఒకే మాటకు ముందు మోస్ట్, వెనక ఎస్ట్ రెండూ తగిలించాడు. ఆయన్ని కొట్టినవాళ్లు లేరు.)

'సీనియర్ దాన్' అనరాదు, 'సీనియర్ టు' అనాలన్నారు. ఎందుకో చెప్పలేదు. సీనియర్, జూనియర్ అన్నవి లాటిన్‌లో పుట్టినప్పుడే పోలిక మాటలు. ఆ లెక్కన నాబోటి డాక్టర్లు రోజూ వాడే సుపీరియర్, ఇన్‌ఫీరియర్, యాంటీరియర్, పోస్టీరియర్ అన్నీ ఆ జాతివే. మనం కూర్చునే కండరం గ్లూటియస్ మాక్సిమస్, అంటే ఆ ముగ్గురు అన్నదమ్ముల్లో అందరికన్నా పెద్దది. లోపల దాగినది మినిమస్, అందరికన్నా చిన్నది. గుంటూరు అనాటమీ హాల్లో ఇవన్నీ వల్లె వేశాం గాని, వ్యాకరణం చదువుతున్నామని తోచలేదు.

తెలుగులో ఈ తోకల గొడవే లేదు. 'పొడుగు' ఎప్పుడూ పొడుగే. అన్నకంటె తమ్ముడు పొడుగు, ఇంట్లో అందరికన్నా తాత పొడుగు. మారేది పక్కన నిలబెట్టిన మనిషే. చిన్నప్పుడు "వలన, కంటె, పట్టి, పంచమీ విభక్తి" అని ఊగుతూ చదివామే, ఆ 'కంటె'యే ఈ పనంతా చేస్తుంది. జ్యేష్ఠ, కనిష్ఠ, గరిష్ఠ అని సంస్కృతం నుంచి తెచ్చుకున్నవాటి చివరి 'ఇష్ఠ', ఇంగ్లీషు 'ఎస్ట్' ఒకే మూలం నుంచి వచ్చినవే. కాని ఆ సంగతి మనం ఏనాడో మరిచి 'అత్యంత శ్రేష్ఠమైన' అంటున్నాం. అంటే మోస్ట్ బెస్ట్!

ఈ వ్యాకరణం నాకు ఆసుపత్రిలో పనికొస్తుందనుకోలేదు. కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడను కుడి డొక్కలో నొప్పితో తీసుకొచ్చారు. నర్సు అలవాటు ప్రకారం అడిగింది: సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే మీరు ఊహించగల నొప్పుల్లోకెల్లా ఘోరమైనది, మీది ఎంత? కొడుకు తెలుగులో చెప్పాడు. ఆవిడ "రెండు" అంది. రెండని రాసుకుని నర్సు వెళ్లిపోయింది.

నేను వెళ్లేసరికి ఆవిడ గోడవైపు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని ఉంది.

"పెద్దమ్మగారూ, నిన్నటికంటె ఎలా ఉంది?"

"నిన్నటికంటె ఎక్కువే నాయనా. నిన్న లేచి కాఫీ కలిపాను. ఇవాళ పక్క మీంచి లేవలేదు."

"కాన్పు నొప్పులకంటె?"

"అవి వచ్చేవి, పోయేవి. మధ్యలో ఊపిరి తీసుకోనిచ్చేవి. ఇది రాత్రి నుంచీ వదల్లేదు."

వచ్చిపోయే నొప్పికీ, వదలని నొప్పికీ ఎంత తేడా ఉందో ఏ డాక్టరైనా చెబుతాడు. అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయం రాళ్లతో, వాపుతో కనిపించింది. మర్నాడు ఆపరేషన్ అయింది.

మరి రెండని ఎందుకన్నారని తరవాత అడిగాను. "మీ పెదనాన్నగారు పోయేముందు నెలరోజులు పడ్డది చూశాను. అది పది. దాని ముందు నాదెంత? అయినా అంత ఘోరాన్ని ఊహించి నోటితో అనటం దేనికి నాయనా?" అంది. ఆవిడ లెక్కలో తప్పేమీ లేదు. పక్కన ఎవర్ని నిలబెట్టిందో మనం అడగలేదు, అంతే.

అంకె పనికిరాదనటం లేదు. ఒకే మనిషికి పొద్దున, సాయంత్రం తేడా చూడటానికి అది బాగానే పనికొస్తుంది. మాంట్రియల్‌లో మెల్జాక్ అనే ఆయన 1975లో నొప్పికి 78 మాటలతో ఒక ప్రశ్నపత్రం తయారుచేశాడు. మన పోటు, సలుపు, తీపు, పీకు, మంట విని ఉంటే ఆయన ఇంకో పుట వేసేవాడేమో. అయితే ముసలివాళ్లలో పెద్ద జబ్బు కూడా చిన్న నొప్పితోనే రావచ్చు. అందువల్ల చిన్న అంకె చూసి నిశ్చింతగా ఉండకూడదు.

మూడోనాడు నర్సు మళ్లీ అంకె అడిగింది. "నిన్నటికంటె నయం" అంది పెద్దావిడ. ఎంత నయం అంటే, "లేచి నడిచాను, చూడలేదా?" అంది.

ఈ వేసవికి అమ్మానాన్నలు వచ్చేవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. ఎమర్జెన్సీ రూముకి వెళ్లవలసివస్తే, నిన్న చేయగలిగి ఇవాళ చేయలేకపోతున్న పని ఏదో అడిగి, అంకెతోపాటు అదీ రాయించండి. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రిలో దుబాసీని అడిగితే ఉచితంగా ఇవ్వాలి, ఫోన్లోనైనా సరే. కొడుకు ముందు చెప్పని నొప్పి ఆ దుబాసీకి చెప్పిన తల్లుల్ని చూశాను.