రక్తానికి ఆకలి

మా అక్కయ్య కూతురు హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తోంది. మనిషి రక్తంలో తిరిగే చక్కెరలు, అమైనో ఆమ్లాలు, కొవ్వులు లాంటి చిన్న చిన్న పదార్థాలన్నిటినీ ఒక్క ఊపులో లెక్కగట్టడం దాని పని. యంత్రం చేసేది ఆఖరి ముక్కేనట. అసలు చాకిరీ అంతా అంతకుముందే ఉందిట. బి.ఏ.లో చరిత్ర చదువుకున్న నాకు అది చెప్పిందంతా వంటింటి భాషలోనే అర్థమయింది.

ముందు పరగడుపున రమ్మంటారు. "కాఫీ చుక్క కూడా ముట్టలేదమ్మా" అని ఒట్టేసిన పెద్దమనిషి గుట్టు యంత్రం బయటపెట్టేస్తుందిట. నిన్న సాయంత్రం తాగింది కూడా కనబడుతుందిట సుమండీ! మా ఇంట్లో ఏకాదశి ఉపవాసాలు చేసేవాళ్ళెవరికీ నేనీ సంగతి చెప్పలేదు.

అన్నిటికన్నా నన్ను నిలేసిన సంగతి ఇంకొకటి. ఒంట్లోంచి తీసిన రక్తం గొట్టంలో కూర్చుని కూడా తింటూనే ఉంటుంది. మామూలు గది వేడిమిలో ఎర్రకణాలు చుట్టూ ఉన్న చక్కెరని గంటకి నూటికి అయిదు నుంచి ఏడు పాళ్ళ దాకా హరాయించేస్తాయి. అందుకని మా పిల్ల రక్తం అందగానే మంచులో పెట్టి, చల్లటి సెంట్రిఫ్యూజిలో గిరగిరా తిప్పి, పైన తేరిన పసుప్పచ్చని ప్లాస్మాని చిన్న చిన్న గొట్టాల్లోకి పంచి, మైనస్ 80 డిగ్రీల చలిలో దాస్తుంది. అన్నీ ఒక్కదాన్లోనే పొయ్యకూడదుటే అంటే, "మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే పాడైపోతుంది పిన్నీ" అంది. జాడీలో ఆవకాయ చిన్న సీసాలోకి తీసుకునే మనకి ఇది ఒకరు చెప్పాలా? ఆ తరవాత చల్లటి మిథనాల్ పోస్తే మాంసకృత్తులు విరిగిన పాలలా ముద్దకడతాయి. మళ్ళీ తిప్పి, తేట మాత్రం యంత్రానికిస్తారు.

వింటూంటే మా అమ్మ గుర్తొచ్చింది. మా ఊళ్ళో రక్తం తీసే కుర్రాడు పొద్దున్నే ఆరింటికొచ్చి, మందేమీ వెయ్యని ఉత్త గొట్టంలో రక్తం పట్టి, సంచీలో వేసుకుని, ఇంకో పదిళ్ళు తిరిగి, ఎండెక్కాక టౌను చేరేవాడు. సుగరు తక్కువుందని కాగితం రాగానే అమ్మ మురిసిపోయి అర సున్నుండ తినేది. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఆవిడ కాలివేలు తీసేసిన నాడు, డాక్టరు ఆ పాత కాగితాలన్నీ తిరగేసి ఏమీ అనలేదు.

"సుగరుకి ఫ్లోరైడు వేసిన గొట్టం వేరే ఉంటుంది పిన్నీ, బూడిదరంగు మూతది. గంటా రెండు గంటల్లో కణాల తిండి ఆపేస్తుంది. అమ్మమ్మకి ఏ రంగు మూత పెట్టేవాడు?"

"ఎరుపు."

అది మరి మాట్లాడలేదు. ఆ కుర్రాణ్ణి నేనేమీ అనను, వాడికి జీతమిచ్చేవాళ్ళు చెప్పి ఉండవలసిన మాట అది.

ఇప్పుడు సుగరు పరీక్షకని నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు మూత చూస్తాను, ఆ తరవాతే చెయ్యి చాపుతాను. "కథలు రాసుకునే మీకెందుకండీ ఇవన్నీ?" అన్నాడు మొన్నొకాయన. గొట్టం మాత్రం మార్చాడు.