కప్పు మైదా అంటే ఎన్ని గ్రాములు?

బేకరీ నడుపుతున్నాను కాబట్టి నన్ను అందరూ అడిగే ప్రశ్న ఇదే. అమెరికాలో ఉన్న కూతురో కోడలో పంపిన రెసిపీని ఫోన్‌లో చూపిస్తారు. అందులో అన్నీ కప్పుల్లోనే ఉంటాయి. మాకేమో కాటా లేనిదే పని జరగదు. పంచదార, వెన్నల సంగతైతే వెంటనే చెప్పేస్తాను: అమెరికా కప్పుకు పంచదార 200 గ్రాములు, వెన్న 227. ఎవరు కొలిచినా పెద్దగా తేడా రాదు. పేచీ అంతా మైదాతోనే.

నమ్మనివాళ్లను లోపలికి పిలిచి చూపిస్తాను. కాటా మీద గిన్నె పెట్టి సున్నా చేస్తాను. డబ్బాలో పిండిని గుల్లగా కదిపి, చెంచాతో కప్పులోకి జారవిడిచి, పైన చాకుతో గీసి గిన్నెలో పోస్తే 120, 125 చూపిస్తుంది. అదే కప్పును నేరుగా డబ్బాలో ముంచి తీసి గీస్తే 140 దాటుతుంది. డబ్బా గోడకేసి నొక్కారా, ఇంకా పెరుగుతుంది. కప్పూ అదే, పిండీ అదే. రేణువుల మధ్య గాలి తగ్గింది, అంతే.

అమెరికాలోనే కింగ్ ఆర్థర్ పిండి కంపెనీ కప్పుకు 120 గ్రాములు లెక్క కడితే, కుక్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక 142 కడుతుంది. ఎవరి కొలత పద్ధతికి తగ్గ లెక్క వాళ్లది. పైగా కప్పులూ ఒకటి కావు: అమెరికాది సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాది 250, జపానుది 200. అందుకే కొత్త రెసిపీ చేతికివ్వగానే మా కుర్రాడు "ఏ కప్పు మాస్టారూ?" అంటాడు.

రాసినవాళ్లు ఎలా కొలిచారో చెప్పకపోతే నీళ్లను బట్టి పట్టుకుంటాను. బేకర్లు పిండిని 100 అనుకుని మిగతావన్నీ దాని మీద శాతాల్లో లెక్కేస్తారు. ఒక బ్రెడ్డుకు మూడు కప్పుల మైదా, కప్పుంపావు నీళ్లు అని ఉందనుకోండి. నీళ్లు 296 గ్రాములు. కప్పుకు 120 చొప్పున మైదా 360, అంటే నీళ్లు 82 శాతం. 142 చొప్పున అయితే మైదా 426, నీళ్లు 70 శాతం లోపు. చేత్తో పిసికి నున్నటి ముద్ద చెయ్యమని కింద రాసి ఉంటే మొదటి లెక్క కుదరదు. 82 శాతం నీళ్లతో మైదా వేళ్లకు బంకలా పట్టుకుంటుంది. అంటే రాసినాయన కప్పు ముంచి తీసే రకమన్నమాట. అప్పుడు కప్పులు కొట్టేసి గ్రాములు రాస్తాను. మన మైదా ఎంత నీరు పీలుస్తుందో తెలిసేదాకా, మొదటిసారి నీళ్లన్నీ ఒకేసారి పొయ్యను.

ఈస్టుకు మాత్రం ఇంట్లో చేసుకునేవాళ్లను చెంచానే వాడమంటాను. టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్టు సుమారు మూడు గ్రాములు. గ్రాము చొప్పున చూపే కాటా అంత చిన్న తూకాన్ని సరిగ్గా పట్టుకోదు.

మా దగ్గర తెల్లవారుజామున పిండి కలిపేది ఒకరు, మధ్యాహ్నం కలిపేది ఇంకొకరు. ఒకరిది బరువు చెయ్యి, ఒకరిది తేలిక చెయ్యి. పొద్దున కొన్న బ్రెడ్డుకూ సాయంత్రం కొన్న బ్రెడ్డుకూ తేడా వస్తే జవాబు చెప్పాల్సింది నేను. అందుకే పిండి డబ్బాలో గరిటె తప్ప కప్పు ఉంచనివ్వను.