మావయ్యగారి సంచీ బరువు

ఈసారి వంటింటి కబుర్లు పక్కన పెట్టి బ్యాటరీల గురించి రాస్తున్నాను. అయ్యో, అప్పుడే వెళ్లిపోకండి! నేను బీకాం చదివినదాన్ని. ఇంట్లో ఫ్యూజు పోతే మా వారి కోసం ఎదురుచూసే రకాన్ని. నాకే అర్థమైందంటే మీకు నిక్షేపంగా అర్థమవుతుంది. పైగా ఇందులో లెక్కలన్నీ మనం రోజూ గ్యాస్ బండతోనూ మేడ మీది నీళ్ల ట్యాంకుతోనూ వేసుకునేవే.

మా మావయ్యగారు హామ్. అంటే సొంత వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని ఎక్కడెక్కడి వాళ్లతోనో మాట్లాడే మనిషి. ఇందులో డబ్బు సంపాదన ఏమీ ఉండదు, ఉండకూడదు కూడా. అలాగని ఎవరు పడితే వాళ్లు మాట్లాడటానికి లేదు. కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకోవాలి. పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా రాయొచ్చు. టెలిఫోన్స్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో మావయ్యగారు ఆ పరీక్ష పాసయ్యారు. రిటైరయ్యారు గానీ ఆ సరదా మాత్రం రిటైరవలేదు.

సరదా అంటున్నాను గానీ, వైజాగ్ వాళ్లం మేము దాన్ని ఉత్త సరదా అనలేం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు లేదు, ఫోన్లు పలకవు. అప్పట్లో మేము పాత ఇంట్లో ఉండేవాళ్లం. మావయ్యగారు కారు బ్యాటరీ విప్పి మేడ మీదకు మోసుకొచ్చి, సెట్టుకి తగిలించి, వీధిలో వాళ్ల క్షేమసమాచారాలన్నీ హైదరాబాదుకి చేరవేశారు. "మా అమ్మాయికి మేం బాగానే ఉన్నామని చెప్పండి మాస్టారూ" అంటూ చీటీలు పట్టుకుని జనం మా మెట్ల మీద బారులు తీరడం నేను కళ్లారా చూశాను.

ఇలాంటిదే ఇంకో కథ ఆయన తరచూ చెబుతుంటారు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు భారతీ ప్రసాద్ అనే హామ్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారట. రేడియో పని మీద ఆ నెలలోనే అక్కడికి వెళ్లారు. అండమాన్ నుంచి కబుర్లు తెగిపోయిన ఆ రోజుల్లో ఆవిడ సెట్టు ముందు కూర్చుని సమాచారం అందించారు. "ఆడవాళ్లకి ఇవన్నీ ఎందుకు" అని మా ఇంట్లో ఎవరైనా అంటే మావయ్యగారు ముందు ఈవిడ పేరే చెబుతారు.

సరే, అసలు సంగతికి వస్తాను. ఇప్పుడు మేం ఉండేది అపార్ట్‌మెంట్. మేడ మీద ఏరియల్ కట్టడానికి ఒప్పుకోలేదు. కట్టినా లాభం తక్కువే అంటారాయన. ఇన్వర్టర్లు, ఎల్‌ఈడీ దీపాలు, లిఫ్టు, మొబైల్ చార్జర్లు అన్నీ కలిసి రేడియోలో గుయ్యిమని రొద పెడతాయి. అందుకని ఆదివారం ఆదివారం తెల్లవారుజామున భీమిలి బస్సెక్కి, అక్కడ సముద్రం ఒడ్డున ఉన్న సరుగుడు తోపులోకి వెళ్లి, చెట్టు మీదుగా 20 మీటర్ల తీగ వేసి, చెన్నై, బెంగళూరు, హైదరాబాదు మిత్రులతో ఓ నాలుగు గంటలు మాట్లాడి వచ్చేవారు.

ఈ ఏడాది మొదట్లో ఆయనకి హెర్నియా ఆపరేషన్ అయింది. వయసు 74. డాక్టరు గారు మూడు కేజీలకు మించి బరువు ఎత్తొద్దన్నారు. అంతే, సంచీ అటక ఎక్కింది.

మొదట్లో నాకు పెద్ద తేడా తెలియలేదు. విశ్రాంతి తీసుకుంటున్నారనుకున్నాం. మెల్లగా పేపరు చదవడం తగ్గింది. గడ్డం రెండు రోజులకోసారి, ఆ పైన వారానికోసారి. అత్తయ్యగారు మాత్రం ఒక మాటన్నారు, "ఆయన ఆదివారం అని అడగడం మానేశారే." ముందంతా గురువారం నుంచే "ఆదివారం వాన పడుతుందంటావా?" అని నన్ను అడిగేవారు. నిజమే, ఆ మాట విని చాలా రోజులైంది.

మా వారిని కదిపితే, "ఈ వయసులో ఒక్కడే అంత దూరం ఎందుకు? వాట్సాప్ ఉందిగా, ఎవరితో కావాలంటే వాళ్లతో మాట్లాడొచ్చు" అన్నారు. కొడుకు భయం కొడుకుది, తప్పు పట్టను. "పోనీ నేను కూడా వెళ్లి సంచీ మోస్తాను" అని కూడా అన్నారు. దానికి మావయ్యగారు ఒకటే మాటన్నారు. "నువ్వు మోస్తే నేను నీతో వచ్చినట్టవుతుంది గానీ వెళ్లినట్టవదురా."

ఆ మధ్యాహ్నం నేను సంచీ దింపి, అందులో ఉన్నవన్నీ ఒక్కొక్కటీ వంటింటి కాటా మీద పెట్టాను. సెట్టు, మైకు కలిపి 1,150 గ్రాములు. తీగ, నైలాన్ తాడు 250. తీగ నిలబెట్టే ఫైబర్ కర్ర 900. పుస్తకం, పెన్ను 100. లీటరు నీళ్ల సీసా కేజీ. ఇక బ్యాటరీ ఒక్కటే 5 కేజీల 600! మొత్తం తొమ్మిది కేజీలు. అందులో సగానికి పైగా బ్యాటరీయే. డాక్టరు గారు వద్దన్నది రేడియోని కాదు, ఈ సీసం దిమ్మని అని నాకు అప్పుడు తట్టింది.

"మావయ్యగారూ, ఇంతకంటే తేలికైనది దొరకదా?" అని అడిగాను. మూడు నెలల తర్వాత ఆ గొంతులో హుషారు విన్నాను. కుర్చీ ముందుకు జరుపుకుని పాఠం మొదలెట్టారు.

వోల్టులంటే ట్యాంకు ఎత్తు. ఆంపియర్లంటే కుళాయిలో నీళ్లు వచ్చే జోరు. ఆంపియర్-అవర్లంటే ట్యాంకులో పట్టే నీళ్లు. ఆయన సెట్టుకి కావలసింది 13.8 వోల్టులు. 8 నుంచి 16 దాకా తట్టుకుంటుంది, 16 దాటితే కాలిపోయే ప్రమాదం. వింటూ కూర్చుంటే అర ఆంపియర్ లోపే తాగుతుంది, మాట్లాడేటప్పుడు రెండు ఆంపియర్లు దాటుతుంది. గంటలో యాభై నిమిషాలు విని పది నిమిషాలు మాట్లాడితే ముప్పావు ఆంపియర్-అవర్ ఖర్చు. నాలుగు గంటలకి మూడు. ఇంతే లెక్క! మరి 18 ఆంపియర్-అవర్ల దిమ్మ ఎందుకు మోసినట్టు? పూర్వం పెద్ద సెట్టు ఉండేది, అది మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్లు లాగేది. సెట్టు మారింది, బ్యాటరీ మారలేదు. ఇద్దరే ఉన్నా పదిమందికి సరిపడా గిన్నెలోనే పప్పు వండినట్టు.

ఇక ఏది కొనాలి? ఇంట్లో వాడే పవర్ సప్లైలలో పాతవాటికి ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ వల్ల బరువు. ఇప్పుడొచ్చే ఎస్‌ఎంపీఎస్ రకం చాలా తేలిక. కానీ సరుగుడు తోపులో ప్లగ్గు ఎక్కడుంది! కాబట్టి బ్యాటరీయే గతి.

మా మరిది యూపీఎస్‌లో వాడే 7 ఆంపియర్-అవర్ల సీసం బ్యాటరీ చాలన్నాడు. అన్నింట్లోకీ చవక అదే. బరువు 2 కేజీల 200. అయితే సీసం బ్యాటరీని సగం కంటే ఎక్కువ వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. అంటే చేతికొచ్చేది మూడున్నర. నాలుగు గంటలకి అంతంతమాత్రం. పైగా కర్ర, నీళ్లు తీసేసినా సంచీ మూడు కేజీల 700 తూగుతుంది. అది కాదని పక్కన పెట్టాం.

మా అమ్మాయి పవర్ బ్యాంక్ తెచ్చి చూపించింది. అందులో వచ్చేది 5 వోల్టులు. దాన్ని పెంచే చిన్న బోర్డులుంటాయట గానీ, అవే రేడియోలో రొద చేస్తాయి. రొద తప్పించుకోడానికే కదా భీమిలి దాకా వెళ్లేది.

లాప్‌టాప్‌లలో ఉండే లిథియం అయాన్ సెల్లులు అన్నింటికంటే తేలిక. మూడు సెల్లులు వరసగా కలిపితే నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు, వాడేకొద్దీ పదికి దిగుతుంది. నాలుగు కలిపితే నిండుగా 16.8, అంటే సెట్టు తట్టుకునేదాని కంటే ఎక్కువ. అదీగాక దెబ్బ తగిలినా, ఎక్కువ చార్జి అయినా మంటలంటుకునే గుణం వీటికి ఎక్కువ. ఎవరో అతికించి ఇచ్చిన ప్యాకు పిల్లలున్న ఇంట్లో పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

చివరికి తేలింది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. నాలుగు సెల్లులు కలిస్తే 12.8 వోల్టులు, సెట్టుకి అతికినట్టు సరిపోతుంది. మామూలు లిథియం కంటే నిదానం మనిషి, తొందరగా వేడెక్కదు. ఉన్నదాన్ని దాదాపు అంతా వాడుకోవచ్చు. 6 ఆంపియర్-అవర్లది 780 గ్రాములు! చేతిలోకి తీసుకుంటే లోపల ఏమన్నా ఉందా అనిపించింది. వెల సీసందానికి మూడింతలు పైమాటే. కానీ సీసంది కొన్ని వందల సార్లు చార్జి చేస్తే అలిసిపోతుంది, ఇది వేల సార్లు తట్టుకుంటుంది. ఆ లెక్క చూపించాక మా వారు కూడా సరే అన్నారు.

దీంతో ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఇది గ్యాస్ బండ లాంటిది. చివరిదాకా ఒకే మంట, అయిపోయేటప్పుడు చెప్పాపెట్టకుండా ఆరిపోతుంది. వోల్టులు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. గ్యాస్ పెట్టిన తేదీ మనం క్యాలెండర్ మీద రాసుకుంటామే, అలా ఎన్ని గంటలు వాడారో రాసుకోవాలి. ఆయన పుస్తకంలో ఆ గడి నేనే గీసిచ్చాను.

మరి కొన్ని జాగ్రత్తలు. లోపల రక్షణ సర్క్యూట్ ఉన్నదే కొనాలి. దాన్ని బీఎంఎస్ అంటారు. చార్జర్ కూడా ఈ రకానికి చేసినదే, 14.6 వోల్టుల దగ్గర ఆగేది కావాలి. పాత సీసం బ్యాటరీ చార్జర్ పెట్టకూడదు. ఎర్ర తీగకి బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. తీగల కొనలు ఒకదానికొకటి తగలకుండా మూత ఉండాలి. చార్జింగ్ మా ఇంట్లో వరండా గచ్చు మీద, మనుషులు మేలుకుని ఉన్నప్పుడే. పరుపుల దగ్గరా కర్టెన్ల దగ్గరా వద్దే వద్దు. విమానంలో వెళ్లేవాళ్లుంటే, 100 వాట్-అవర్ల లోపు బ్యాటరీ చేతి సంచీలో పెట్టుకోవాలి గానీ లగేజీలో వేయకూడదు. వోల్టుల్ని ఆంపియర్-అవర్లతో గుణిస్తే ఆ లెక్క వస్తుంది. మాది 76.8.

శనివారం రాత్రి సంచీ మళ్లీ సర్దాం. ఫైబర్ కర్ర వద్దన్నాను. "రాయి కట్టి తాడు కొమ్మ మీదకి విసిరితే పోలా" అని ఆయనే ఒప్పుకున్నారు. అర లీటరు నీళ్లతో కలిపి 2 కేజీల 800. నేను విజయగర్వంతో చూస్తుండగా అత్తయ్యగారు వచ్చి, ఇడ్లీలు పెట్టే స్టీలు డబ్బా సంచీలో పెట్టారు. కాటా 3 కేజీల 220 చూపించింది. ఎవరం మాట్లాడలేదు. ఆవిడ మూడు నెలల తర్వాత ఆ డబ్బా తీశారు, తీసేయమని చెప్పే ధైర్యం ఎవరికుంది? మావయ్యగారు నీళ్ల సీసా తీసి బల్ల మీద పెట్టారు. "అక్కడ కొబ్బరి బొండాలు దొరుకుతాయిలే." 2 కేజీల 700.

మొదటి వారం మాత్రం నేను తోడు వెళ్లాను. మా వారికి ఇచ్చిన మాట అది. సంచీ ఆయన భుజానే ఉంది, నేను ముట్టుకోలేదు. తోపులో తీగ కట్టి, చెవికి ఫోన్లు తగిలించుకుని ఆయన తన కాల్ సైన్ చెప్పారు. కాసేపు సముద్రం హోరు లాంటి చప్పుడు. అందులోంచి ఎవరిదో గొంతు. మావయ్యగారు ఒక చెవి ఫోను తీసి నాకిచ్చారు. హైదరాబాదు నుంచి ఎవరో పెద్దాయన తెలుగులోనే అడుగుతున్నారు. "ఏవండీ, ఇన్నాళ్లూ ఏమైపోయారు? ప్రతి ఆదివారం మీ పేరు పిలిచి ఆగుతున్నాం."

ప్రతి ఆదివారం పిలిచారట. మా ఇంట్లో ఆ సంచీ అటక మీద ఉన్నన్నాళ్లూ.

మావయ్యగారు కాసేపు మైకు నొక్కలేదు. తర్వాత గొంతు సవరించుకుని, "చిన్న రిపేరు వచ్చిందండీ. బాగుచేయించాను" అన్నారు.

ఇప్పుడు వారం వారం ఒక్కరే వెళుతున్నారు. పదకొండుకల్లా బస్సెక్కానని ఫోన్ చేయాలన్నది మా వారు పెట్టిన షరతు. ఇప్పటిదాకా తప్పలేదు. మా అమ్మాయికి పన్నెండు నిండాయి, వచ్చే పరీక్షకి తాతగారి దగ్గర కూర్చుని చదువుతోంది. పక్కన కూరగాయలు తరుగుతూ నేను కూడా వింటున్నాను. రాస్తానో లేదో ఇప్పుడే చెప్పను.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇష్టమైన పని ఏదైనా మానేస్తే, ఓపిక తగ్గిందిలే అనుకునే ముందు దానికి వాడే సామానొకసారి ఎత్తి చూడండి. హార్మోనియం కావచ్చు, కుట్టుమిషను కావచ్చు, గుడికి మోసుకెళ్లే పూల బుట్ట కావచ్చు. అందులో ఏది తేలిక చేయొచ్చో వాళ్లనే అడగండి.

ఉంటాను మరి. వరండాలో చార్జర్ మీద పచ్చ లైటు వెలిగింది, వెళ్లి తీసేయాలి. రేపు ఆదివారం.