భావనపాడు వల

పిల్లలూ! టెక్కలి నుంచి సముద్రం వైపు వెళితే భావనపాడు వస్తుంది. అక్కడ జాలరివాళ్ళు వల ఒడ్డుకు లాగి, చేతికి ముల్లు దించే చేపలను జాగ్రత్తగా ఏరివేస్తారు.

ఇలాటి ఏరివేతే మీ ఛాతీ ఎముక వెనక, థైమస్ అనే గ్రంథిలో కూడా జరుగుతున్నది! రోగక్రిములతో పోరాడే టీ కణాలు అక్కడ ఎదుగుతాయి. సొంత ఒంటినే శత్రువనుకునే కణాలు చాలావరకు అక్కడే నశిస్తాయి.

తప్పించుకున్న వాటిని అదుపులో వుంచే కాపలా కణాలున్నాయని 1995లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగుచి చూపాడు. 2025లో ఆయనకూ, మరిద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది.

ఈ కాపలా చెడితే ఇన్సులిన్ తయారుచేసే కణాలు నాశనమై, కొందరు పిల్లలకు మొదటి రకం మధుమేహం వస్తుంది. మిఠాయి తిన్నందుకు వచ్చే జబ్బు కాదది. అలాటి నేస్తం మీ బడిలో వుంటే వెక్కిరించకండి, తోడుగా వుండండి.