మన మెట్టసీమలో చూడదగిన యూళ్లు

నా మేనకోడలి కూతురు ఇంగ్లండులో చదువుకొనుచున్నది. సెలవుదినములలో ఆ దేశపు పల్లెలు చూచి, ఛాయాపటములు మాకు పంపుట దానికి వాడుక. ఒకమారు బైబరీ యను గ్రామమునుండి పంపిన పటమును మా యింటిల్లిపాదియు చేతులు మార్చుకొని చూచితిమి. ఒక చిన్న యేరు, దాని చెంత తేనెరంగు రాతియిండ్ల వరుస, నిట్రవాలు కప్పులు, గుమ్మములయొద్ద పూలతీగెలు. ఆ వరుసకు ఆర్లింగ్టన్ రో యని పేరు. పదునాలుగవ శతాబ్దమున ఉన్ని నిలువచేయుటకు కట్టిన కొట్టమది. పదునేడవ శతాబ్దమున నేతగాండ్రకు కాపురపుటిండ్లుగా మార్చిరి. 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టు అను సంఘము నేడు వానిని కాపాడుచున్నది. చూడవచ్చువారి బస్సులు దారి మూసివేయుచున్నవని ఆ యూరివారు విసుగుకొనుచున్నారని కూడ అమ్మాయి వ్రాసినది. పేద సాలెవాండ్ర యిండ్లు చూచుటకు లోకము విరగబడి పోవుట నాకు వింతగా తోచినది.

గడచిన మాఘమాసమున అమ్మాయి వీరులపాడు వచ్చినది. రాత్రి భోజనములైన పిదప అరుగుమీద కూర్చుండి, "తాతయ్యా, మన ప్రక్క చూడదగిన యూళ్లేమున్నవి?" అని యడిగినది.

"మెట్టసీమలో ఏమున్నదమ్మా! మిరపచేలు, ప్రత్తిచేలు, వేసవిలో ఎండ" అని తేలికగా ననివేసితిని.

గోడకు చేరబడి వత్తులు చేసికొనుచున్న మా యక్క తలయెత్తకయే, "నీవు ధనబోడు చూచివచ్చితివి గదరా" అన్నది.

నాకు మాట తోచలేదు. యాబదియేండ్ల నాటి సంగతి ఆమె మరువలేదు. చదువరులకు దానిని చెప్పవలసియున్నది.

1971లో నేను చదువునకై మద్రాసు పోయితిని. ఎగ్మూరులోని ప్రభుత్వ ప్రదర్శనశాలలో ఒకనాడు తెల్లని సున్నపురాతి పలకయొకటి కంటబడినది. అందు మాంధాత చక్రవర్తి చేయెత్తి నిలిచియున్నాడు. మేఘములనుండి నాణెములు వానచినుకులవలె రాలుచున్నవి. చుట్టును రాణి, ఏనుగు, గుఱ్ఱము, చక్రము మున్నగు సప్తరత్నములు. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దపు పనియది. ఎంతసేపో చూచి, తుదకు క్రింది చీటీ చదువగా, ఆ పలక దొరకిన చోటు జగ్గయ్యపేట! మా యక్కను ఇచ్చిన యూరు. ఏడాదికి నాలుగుమారులు పోయి పిండివంటలు తిని వచ్చెడి యూరు. అందేమున్నదో తెలిసికొనుటకు నేను మద్రాసు పోవలసివచ్చినది.

మరుసటి వేసవిలో ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకొని జగ్గయ్యపేటలో దిగితిని. ధనబోడు చూడబోవుచున్నామని తెలిసి మా యక్క చేతులు తుడుచుకొనుచు వెలుపలికి వచ్చి, "నేనును వత్తునురా తమ్ముడూ. ఇన్నాళ్లనుండి పేరు వినుటయే గాని చూడలేదు" అన్నది. వాళ్ల అత్తగారు అడ్డుచెప్పలేదు. "పోయి రావమ్మా" అనియే అన్నది. అడ్డుచెప్పినవాడను నేను. "అచట రాళ్లు, ముండ్లు. నీకేమి యర్థమగును?" అని నవ్వితిని. స్నేహితులును నవ్విరి. ఆమె లోపలికి పోయినది. స్త్రీవిద్యను గూర్చి కళాశాలలో ఉపన్యసించి బహుమానము పొందినది ఆ సంవత్సరమే! తరువాత ఆమె ఆ యూరిలో ముప్పదియేండ్లకు పైగా కాపురముచేసినది. తిరుపతమ్మ తిరునాళ్లకు పెనుగంచిప్రోలు పోయినది. పర్వములకు వేదాద్రిలో కృష్ణాస్నానము చేసినది. ధనబోడు మాత్రము చూడలేదు.

మరునాడే కారు మాట్లాడితిని. నందిగామ చేరి, హైదరాబాదు పోవు రాజమార్గము పట్టితిమి. దారి పొడుగునను కళ్లములలో ఎండబెట్టిన మిరపకాయలు ఎఱ్ఱని జంపకానములవలె నుండెను. అమ్మాయి రెండుచోట్ల కారు ఆపించి పటములు తీసికొనినది. నిత్యము చూచు మాకు అది చూడదగినదని ఎన్నడును తోచలేదు.

జగ్గయ్యపేట పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేర దానిని పేటగా నెలకొల్పెను. తండ్రి పేరు నిలిపిన ఆ ప్రభువు కాలముననే అమరావతి స్తూపపు దిబ్బను ఇటుకలకును రాళ్లకును త్రవ్విరి. 1797లో కర్నల్ మెకంజీ అచ్చటికి పోయినది ఆ సంగతి వినియే. ధనబోడును 1882లో బర్జెస్ దొర త్రవ్వించి, తాను చూచినదానిని గ్రంథస్థము చేసెను. ఈ కృష్ణాతీరపు సున్నపురాయియే నాడు శిల్పుల చేతిలో చక్రవర్తియైనది. నేడు సిమెంటు కార్ఖానాలలో పిండియగుచున్నది. ఇండ్లు కట్టుకొనవలదని నేననను గాని, ఆ పొగగొట్టములను చూచినప్పుడు ఈ తలపు రాక మానదు.

దిబ్బయొద్ద మనుష్యసంచారము లేదు. సర్కారు తుమ్మ, ఎవరో త్రాగి విసరిన సీసాలు, రెండు మేకలు. మా యక్కకు ఎనుబదియేండ్లు దగ్గరపడినవి. ఒక చేయి అమ్మాయి పట్టుకొనినది, ఒక చేయి నేను పట్టుకొంటిని. పైకెక్కి, స్తూపపు గుండ్రని కట్టడముచెంత నీడ చూచుకొని కూర్చుంటిమి.

నాకు తెలిసినంతవరకు చెప్పితిని. మూడవ శతాబ్దమున ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని యిరువదవ యేట సిద్ధార్థుడను పనివాడొకడు ఇచ్చటి మహాచైత్యమునకు తూర్పుద్వారమున ఐదు ఆయకస్తంభములు నిలిపెను. అతడు రాజు కాడు, మంత్రి కాడు, చేతిపనితో బ్రదికినవాడు. స్తంభములమీద ప్రాకృతమున చెక్కించిన శాసనమున తన తల్లి నాగిలనిని ముందుంచుకొని యీ దానము చేయుచున్నానని చెప్పుకొనెను. పిదప భార్య సముద్రని పేరు, కొడుకు పేరు, కూతురు నాగబుద్ధనిక పేరు, తమ్ముని పేరు, ఆ తమ్ముని భార్యాబిడ్డల పేరులు వరుసగా చెక్కించెను.

మా యక్క నన్నాపి, "కూతురి పేరుకూడ చెక్కించినాడా?" అన్నది.

"కూతురిదే కాదు, తమ్ముని కూతురిదికూడ."

"మరి ఆ తల్లిని ఇచ్చటికి తోడ్కొనివచ్చి చూపించినాడా?"

"ఆ సంగతి శాసనములో లేదక్కా" అంటిని. ఆమె మరేమియు అడుగలేదు. కొంగుతో ముఖము తుడుచుకొని, ప్రక్కనున్న పలకమీది దుమ్మును అరచేతితో మెల్లగా తుడిచినది. నేను ముందుగా అనుకొనివచ్చిన క్షమాపణ నోటికి రాలేదు. అమ్మాయి మా యిద్దరిని చూచి, దూరముగా పోయి పటములు తీసికొనుచున్నది.

తిరుగుదారిలో ముక్త్యాల చూచితిమి. నాగార్జునసాగరమునకై పట్టుబట్టి పాటుపడిన రాజా వారి యూరది. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ ఆ యానకట్టకు శంకుస్థాపన చేసెను. అచ్చట రేవులో కాళ్లు తడుపుకొని, చీకటి పడకమునుపే వేదాద్రి నరసింహస్వామిని దర్శించుకొంటిమి. పరిటాల మరునాటికి మిగిలినది. వజ్రపుగనులకు పేరుబడి, చుట్టును ఇంగ్లీషువారి యేలుబడి యుండగా నిజాము చేతిలో ద్వీపమువలె మిగిలిన యూరది. దానికథ వేరుగా చెప్పవలసినంత యున్నది.

కారులో మా యక్క కన్నులు మూసికొనియుండుటచే నిదురించినదనుకొంటిని. నందిగామ దాటిన పిదప, "నాణెముల వాన కురియు ఆ రాయి ఇంకను మద్రాసులోనే యున్నదా?" అని యడిగినది. ఉన్నదంటిని.

అమ్మాయి ఫాల్గుణమున ఇంగ్లండు వెళ్లిపోయినది. చైత్రమున చెన్నపట్టణమునకు రెండు టిక్కెట్లు కొంటిని. అక్కయ్యకు క్రింది బెర్తు దొరకినది.