ఆరాం తీసుకుంటే తగ్గని జబ్బు

మన ఇళ్ళల్లో ఎవరికి బాగాలేకపోయినా ముందు చెప్పే మాట "ఆరాం తీసుకో". జ్వరానికైతే సరే. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కి మాత్రం ఎప్పుడూ ఆరామే అంటే కుదరదు. ఇది వయసుతో కీళ్ళు అరిగి వచ్చేది కాదు, మన రోగనిరోధక వ్యవస్థే మన కీళ్ళ మీద దాడి చేస్తుంది. రాత్రంతా కదలకుండా పడుకుని లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి చాయ్ కప్పు కూడా పట్టుకోలేరు. కాసేపు కదిలితే గానీ వదలదు.

బోధన్ శక్కర్‌నగర్‌లో ఉండే మా అమ్మకి 2020 నాటికే ఇది ఆరేళ్ళుగా ఉంది. ఆ మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే నేను లాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చేశాను. అదే నెలలో ఐసీఎంఆర్ వైద్య సిబ్బందిని ముందుజాగ్రత్తగా హైడ్రాక్సీక్లోరోక్విన్ వేసుకోమంది, అటు ట్రంప్ కూడా దాన్ని తెగ మోసేస్తున్నాడు. అది అమ్మ రోజూ వేసుకునే గోళీ! మెడికల్ షాపుల్లో లేదన్నారు. నిజామాబాద్‌లో తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసి ఎలాగో తెప్పించాం. (ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగులకి అది పనిచేయదని జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ తేల్చిందనుకోండి.)

గోళీలు దొరికాయి గానీ అసలు సమస్య వేరే. అమ్మ ఏనాడూ "ఎక్సర్‌సైజ్" చేసిన మనిషి కాదు. పొద్దున్నే ఇద్దరు ఆంటీలతో కలిసి, 2015 డిసెంబర్‌లో మూతపడ్డ షుగర్ ఫ్యాక్టరీ దాకా నడిచొచ్చేది. కార్మికుల బకాయిలు, కోడళ్ళు, చెరుకు.. అన్ని ముచ్చట్లూ ఆ దారిలోనే. అది ఆగింది. వాడే మందులు ఇమ్యూనిటీని తగ్గించేవి కాబట్టి గేటు దాటాలంటే భయం, ఆ భయం ఉత్తదీ కాదు. మూడు వారాలు తిరిగేసరికి అమ్మకి మాట తగ్గింది, నిద్ర పోయింది. టీవీలో కేసుల లెక్కలు చూస్తూ "నా పని ఇంక అయిపోయినట్టే రా" అనేది.

యూట్యూబ్‌లో వీడియో పెట్టిస్తే రెండ్రోజులు చేసింది. "వాడెవడో ఒకటి రెండు మూడు అంటుంటె నేను ఎగరాల్నా?" అంది :)

ఉపాయం ఆంటీలకే తట్టింది. మూడిళ్ళ డాబాలూ ఒకదానికొకటి కనిపిస్తాయి. పొద్దున ఆరింటికి ఎవరి డాబా మీద వాళ్ళు నడక, మధ్యలో కేకలేసుకుంటూ కబుర్లు. కీళ్ళు బాగా వాచిన రోజు అమ్మ కుర్చీలో కూర్చుని వేళ్ళు మడిచి తెరుస్తూ మాట్లాడేది. వేళ్ళ వంకర పోలేదు. నిద్ర మాత్రం వచ్చింది.

ఇలాంటి జబ్బులున్నవాళ్ళకీ వ్యాయామం క్షేమమేనని, అందరికీ చెప్పినట్టే వారానికి 150 నిమిషాలు చేయొచ్చని యూరప్ రుమటాలజీ సంఘం యూలార్ 2018లోనే చెప్పింది. మన ఆఫీసుల్లో అడుగుల పోటీలు పెట్టే యాప్‌లదీ అదే లెక్క. పక్కన ఎవరు నడుస్తున్నారన్నది ఆ లెక్కలోకి రాదు. నా దృష్టిలో సగం మందు అదే.

ఇప్పుడు వాళ్ళు మళ్ళీ రోడ్డెక్కారు. ఒక ఆంటీ మోకాలి ఆపరేషనై మూడు నెలలుగా రావట్లేదు. మిగతా ఇద్దరూ ఆవిడ డాబా కింద నిలబడి, పది నిమిషాలు గట్టిగా మాట్లాడి గానీ ముందుకు కదలరు.