నోరులేని పెట్టె

సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం వారు అడిగితే, కవిత రాసే శక్తి లేదనీ, కథ రాసే ఓపిక లేదనీ తప్పుకోబోయాను. "మీ ఊరి సంగతి రాయవోయ్" అన్నారు మా ఫిజిక్సు మాస్టారు. ఊరి సంగతులంటే పచ్చని పైర్లు, పిల్లకాలువలు, వెన్నెల రాత్రులు. వీటి గురించి నాకన్నా బాగా రాసేవాళ్లు ఈ కాలేజీలో చాలామంది ఉన్నారు. కనుక నేను ఒక అల్యూమినియం పెట్టె గురించి రాస్తాను. చూడటానికి టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. తొమ్మిది రోజులపాటు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించకుండా చేసిన ఘనత దానిదే.

మాది పల్నాడు. మిరప తోట, కొంచెం కంది. కోత కోసి, కళ్లంలో ఎండబెట్టి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు తోలడం ఫిబ్రవరి, మార్చి నెలల్లో పని. అందుకోసం మా నాన్న వాయిదాల మీద ఒక పికప్ బండి కొన్నాడు. మన సరుకే కాదు, పక్క రైతుల సరుకు కూడా తోలితే వాయిదా గడిచిపోతుందని లెక్క. 2025 సంగతి మీకు తెలిసే ఉంటుంది. మిరప ధర పడిపోయి రైతులు గగ్గోలు పెడితే, ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా బండి మొరాయించింది.

సెల్ఫు కొడితే ఇంజను తిరుగుతుంది, అంటుకోదు. ఒక్కోసారి అంటుకుని, నాలుగు కిలోమీటర్లు పోయి దారిలో ఆగుతుంది. ఊళ్లో తలా ఒక మాట చెప్పారు. డీజిల్లో నీళ్లు కలిశాయని ఒకరు, పంపు పోయిందని ఒకరు. మా నాయనమ్మ అయితే దిష్టి తగిలిందని నిమ్మకాయ, మిరపకాయలు కట్టించింది. మిరపకాయలకు మా ఇంట్లో కొదవా!

మా నాన్న చదివింది ఏడో తరగతి. అయినా పాతకాలపు ఆయిల్ ఇంజను ఏది పాడైనా చెవి ఒగ్గి విని, ఫలానాచోట గాలి పట్టిందనో, నాజిల్ మూసుకుందనో చెప్పేవాడు. ఒక స్పానరు, ఒక పాతగుడ్డ ఉంటే చాలు. అలాంటి మనిషి బానెట్ ఎత్తి అరగంట నిలబడి, మళ్లీ దించేశాడు. "ఇంజను చెప్పేది వినపడితే ఏదో ఒకటి చేస్తాను. ఇది నోరులేని పెట్టె, దీన్నేం అడగనురా?" అన్నాడు. బండి ఆగినందుకు కాదు, ఆ మాటకే నాకు బాధేసింది.

ఈ పెట్టె ఏం చేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను. ఇప్పటి డీజిల్ ఇంజన్లలో కామన్ రైల్ అనే పద్ధతి ఉంది. రైలంటే పట్టాల మీద పోయేది కాదు, డీజిల్‌ను వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లకు పైబడిన ఒత్తిడితో నిలువ ఉంచే దళసరి గొట్టం. 1997లో కార్లలో మొదలై క్రమంగా అన్ని బండ్లకూ వచ్చింది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే ఒక్కో సిలిండరుకు సెకనుకు 25 సార్లు డీజిల్ అందాలి. ఎప్పుడు అందాలి, ఎంత అందాలి అన్నది నిర్ణయించేదే ఈ కంట్రోల్ మాడ్యూలు. ఇంజను ఎంత వేడిగా ఉంది, ఎంత వేగంగా తిరుగుతోంది, డ్రైవరు కాలు ఎంత నొక్కాడు, ఇవన్నీ సెన్సార్లు దానికి చెబుతుంటాయి. పొగ తగ్గించమని ప్రభుత్వం నిబంధనలు బిగించే కొద్దీ ఈ పెట్టె పెత్తనం పెరిగింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.6 వచ్చాక అది లేకుండా ఇంజను అడుగు కదపదు.

మొదట చూపించినచోట స్కానర్ పెట్టి, రైలు పీడనం చూసే సెన్సారు, టర్బో గాలి పీడనం చూసే సెన్సారు రెండూ పోయాయి, మార్చాలన్నారు. నాన్న సరేననబోయాడు. మా మేనమామ అడ్డుపడి, టౌనులో ఒక ముసలి మేస్త్రీ దగ్గరకు బండిని లాగించాడు.

ఆయన స్కానర్ చూసి నవ్వాడు. "ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి జ్వరం వస్తే మనుషుల్ని కాదు తమ్ముడూ, ముందు వాళ్లు తాగే నీళ్లు చూడాలి" అన్నాడు. ఈ సెన్సార్లు రెండింటికీ 5 వోల్టుల కరెంటు ఆ పెట్టె నుంచే వెళుతుంది. మల్టీమీటరు పెట్టి చూస్తే రెండు వోల్టులు కూడా లేదు. సెన్సార్లు ఒక్కొక్కటే ఊడదీశాడు. ఏదైనా ఒకటి షార్టయి అందరి కరెంటూ మింగేస్తుంటే, దాన్ని తీయగానే వోల్టేజి లేవాలి. లేవలేదు. బ్యాటరీ చూశాడు, 12.6 ఉంది. ఫ్యూజులు, రిలే, ఎర్తు తీగలు అన్నీ చూశాడు. చివరికి ఆ 5 వోల్టుల తీగనే కనెక్టరులోంచి బయటికి తీసి, నేరుగా పెట్టె పిన్ను మీద కొలిచాడు. అదే రెండు. అప్పుడుగానీ "పెట్టే పోయింది" అని నోరు విప్పలేదు. ఇంత చూడకుండా మార్చితే కొత్త పెట్టె కూడా కాలిపోయే ప్రమాదం ఉందట. లేబొరేటరీలో పరిశీలన, అనుమితి అని మనం రికార్డులో నీటుగా రాసేది ఇదే కదా!

పెట్టె మూత తీస్తే లోపల పచ్చగా బూజులాంటిది. మా నాన్న ముందుకు వంగి, "ఇది చిలుము కదయ్యా, రాగి బిందెకు పట్టే చిలుము!" అన్నాడు. అక్షరాలా అదే. ఎప్పుడో ఎవరో పనిచేసి, తీగల కట్ట మీది రబ్బరు తొడుగు తిరిగి బిగించలేదు. బండి కడిగినప్పుడల్లా నీళ్లు తీగ వెంట జారి లోపలికి చేరాయి. తడి, దానికి తోడు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు. మనం ఇంటర్‌లో కాపర్ సల్ఫేటుతో చేసిన విద్యుద్విశ్లేషణే లోపల నడిచింది. ఫారడే నియమం ప్రకారం లెక్కకడితే, ఒక్క మిల్లీ ఆంపియరు రోజంతా పారితే దాదాపు 28 మిల్లీగ్రాముల రాగి కరుగుతుంది. వెంట్రుక మందం దారులకు అది ఎన్నాళ్ల తిండి! నేను లెక్క చెప్పాను, నాన్న పేరు చెప్పాడు. ఇద్దరం చెప్పింది ఒకటే.

కొత్త పెట్టె ధర అప్పటి లెక్కన మూడు క్వింటాళ్ల మిరప. మా ఇంట్లో బండి అమ్మేద్దామన్న మాట కూడా వచ్చింది. మేస్త్రీ విజయవాడ ఆటోనగర్‌లో వాకబు చేసి, అదే పార్టు నంబరుది పాతది ఒకటి తెప్పించాడు. అయితే బల్బు మార్చినట్టు మార్చితే పనిచేయదు. ఆ పెట్టెకు తన పాత బండి తాళంచెవే గుర్తు, మన చెవిని దొంగకింద జమకట్టి ఇంజనును అంటుకోనివ్వదు. పైగా ఒక్కో ఇంజెక్టరు తయారీలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది గనుక, దాని మీద చెక్కిన సంకేతాలు పెట్టెలో రాసి ఉండాలి. మన పాత పెట్టెలో కరెంటు విభాగం పోయిందే గాని జ్ఞాపకం చెడలేదు. ఆ జ్ఞాపకాన్నంతా చదివి రెండోదానిలోకి ఎక్కించారు.

బిగించేటప్పుడు ముందు బ్యాటరీ మైనస్ తీగ తీశారు. కనెక్టరు పిన్నులు శుభ్రం చేసి, చెడ్డ పిన్నులు మార్చి, రబ్బరు తొడుగు కొత్తది వేశారు. తీగల కట్టను పెట్టె కన్నా కిందికి వంపుగా వేలాడదీసి కట్టాడు మేస్త్రీ. నీరు జారినా ఆ వంపులోనే బొట్టుగా రాలిపోవాలని. ఇంజెక్టర్ల సంకేతాలు ఒక్కొక్కటే చదివి సరిచూసే పని నాకప్పజెప్పాడు. సెల్ఫు మాత్రం నాన్న చేత కొట్టించాడు. మీటరులో 5 వోల్టులు, ఇంజనులో చప్పుడు! తొమ్మిది రోజుల తర్వాత నాన్న ముఖంలో కళ కనిపించింది.

మిత్రులారా, ఇందులో నన్ను ఆలోచింపజేసింది ఒకటే. యంత్రాలు పెరగకూడదని నేననను. పాత డీజిలు పొగ పీల్చిన ఊపిరితిత్తులకు ఈ పెట్టె చేసిన మేలు చిన్నది కాదు. కాని యంత్రం ముందుకు పోయేకొద్దీ దానిమీద బతికే రైతు దానికి పరాయివాడు కాకూడదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు కోసం ఒక కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, వాహనాలు కూడా దాని పరిధిలోవే. ఆ ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ కూడా పెట్టారు. మంచిదే. అయితే సమాచారం ఇంగ్లీషులో కంప్యూటరు తెర మీద ఉంటే కళ్లంలో ఉన్న మనిషికి అందేదెలా? అందించాల్సింది మనం. మనలో సగం మంది రైతుల బిడ్డలమే. సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు సంచిలో ఒక మల్టీమీటరు వేసుకు వెళ్లండి. అదేమంత ఖరీదైన వస్తువు కాదు. దాంతో ఎలా కొలవాలో ఇంట్లోవాళ్లకు చూపించండి. వాళ్లకు తెలిసినదాన్ని మీరూ వినండి. చిలుమును చిలుమని గుర్తుపట్టే కన్ను వాళ్లకు ముందునుంచీ ఉంది.